టెన్షన్‌కి అశ్వగంధ వాడాలనుకుంటే: ముందు ఏం చూడాలి, ఎలా వాడాలి, ఎప్పుడు ఆపాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఒడిశాలో ఈ వైపు తెలుగు ఇళ్ళలో ఎవరికైనా గుండె దడగా ఉందన్నా, ఊరికే గాభరా పుడుతోందన్నా, రాత్రి నిద్ర పట్టడం లేదన్నా ఈమధ్య వినిపించే సలహా ఒకటే: "అశ్వగంధ వాడి చూడు." చెప్పేది అత్తగారు కావచ్చు, మందుల షాపు కుర్రాడు కావచ్చు, ఫోన్‌లో వచ్చిన వీడియో కావచ్చు. పెద్దవాళ్ళు పెన్నేరు గడ్డ అని పిలిచేది దీన్నే.

ఆ సలహాలో కొంత నిజం ఉంది. మనుషుల మీద పద్ధతిగా చేసిన పరీక్షలున్నాయి, వాటిలో గుణం కనిపించింది కూడా. అయితే అవి ఎక్కువగా మొక్క నుంచి తీసిన గాఢమైన సారంతో (ఎక్స్‌ట్రాక్ట్), కొలిచిన మోతాదులో, దాదాపు రెండు నెలల పాటు, వేరే పెద్ద జబ్బులు లేని వాళ్ళ మీద చేసినవి. మీరూ అదే హద్దులో వాడితేనే ఆ ఫలితం గురించి మాట్లాడుకోవచ్చు. హద్దు దాటారంటే మీ ఒంటి మీద మీరే కొత్త ప్రయోగం మొదలుపెట్టినట్టు. కింద చెప్పే పద్ధతంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ముందు, అది ఆందోళనేనా అని తేల్చుకోండి

గుండె దడ, చెమటలు, చేతుల వణుకు, చిరాకు, నిద్రలేమి. ఇవి ఆందోళన లక్షణాలే, కానీ థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేస్తున్నా ఇవే వస్తాయి. రక్తం తక్కువగా ఉన్నా దడ వస్తుంది. షుగర్ మందు వేసుకునే వాళ్ళకు చక్కెర పడిపోయినా చెమటలు, వణుకు వస్తాయి. రోజుకు ఏడెనిమిది టీలు తాగేవాళ్ళకు టీ ఒక్కటే చాలు.

వీటిలో థైరాయిడ్ సంగతి వదలకూడదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను కొంత పెంచుతుందని పరీక్షల్లో కనిపించింది. అంటే, అసలు జబ్బు థైరాయిడ్ ఎక్కువ కావడం అయి, దాన్ని టెన్షన్ అనుకుని ఈ మందు మొదలుపెడితే ఎగిరే గుండె ఇంకా ఎగురుతుంది. అప్పుడు "డోసు చాలలేదేమో" అనిపించి పెంచే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మందు కొనకముందే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్, లివర్ పరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) చేయించుకోండి. ఒడిశాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో "నిదాన్" పథకం కింద చాలా పరీక్షలు ఉచితం. మీ ఆసుపత్రిలో ఈ నాలుగిట్లో ఏవి చేస్తారో కౌంటర్‌లో అడగండి, లేనివి బయట చేయించుకోవచ్చు. ఆ రిపోర్టులు దాచిపెట్టండి, తర్వాత మళ్ళీ కావాలి.

బరువు తగ్గిపోతున్నా, ఛాతీలో నొప్పి ఎడమ చేతికి పాకుతున్నా, నడిస్తే ఆయాసం వస్తున్నా ఈ వ్యాసం ఇక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే కూడా అంతే. ఆ స్థితిలో ఏ మూలికా పనికిరాదు. మానసిక సాయం ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. ఒడిశా నుంచి చేస్తే ముందు ఒడియాలో పలకవచ్చు, తెలుగు కావాలని అడగండి.

మీ ఆందోళనకు ఒక అంకె పెట్టండి

మందు పనిచేసిందా లేదా అనేది "కాస్త నయంగా ఉన్నట్టుంది" అనే మాటతో తేలదు. నెల జీతం పడిన వారం అందరికీ నయంగానే ఉంటుంది. డాక్టర్లు వాడే ఏడు ప్రశ్నల కాగితం ఒకటుంది, జీఏడీ-7 అంటారు. నోట్‌బుక్‌లో మీరే రాసుకోవచ్చు. గడిచిన రెండు వారాల్లో ఈ ఏడూ ఎంత తరచుగా ఇబ్బంది పెట్టాయో చూడండి:

గాభరాగా, కంగారుగా ఉండటం. దిగులు మొదలైతే ఆపుకోలేకపోవడం. రకరకాల విషయాల గురించి అతిగా బెంగపడటం. ఒళ్ళూ మనసూ సడలించుకోలేకపోవడం. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం. ఊరికే చిరాకు, విసుగు రావడం. ఏదో ఘోరం జరగబోతోందన్న భయం.

అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగానికి మించిన రోజులుంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. అన్నీ కూడితే గరిష్ఠంగా 21. 5 నుంచి 9 వరకు తేలిక, 10 నుంచి 14 మధ్యస్థం, 15, ఆపైన తీవ్రం. 15, ఆపైన వచ్చిన వాళ్ళు మూలికతో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ ఎస్‌ఎల్‌ఎన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, ముందు అక్కడ చూపించుకోవాలి. బిళ్ళలకూ, మాటలతో చేసే చికిత్సకూ (కౌన్సెలింగ్‌లో సీబీటీ అనే పద్ధతి) ఉన్నంత గట్టి ఆధారం అశ్వగంధకు లేదు.

అంకె, తేదీ రాసి పెట్టుకోండి. రెండు వారాలకోసారి మళ్ళీ రాయాలి.

పరీక్షల్లో నిజంగా ఏం తేలింది

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. వీడియోల్లో "సైన్స్ ఒప్పుకుంది" అనే ఒక్క ముక్కతో దాటేసేది దీన్నే.

2012లో హైదరాబాద్‌లో ఒక పరీక్ష జరిగింది. చాలాకాలంగా ఒత్తిడితో ఉన్న 64 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్ 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే మందు లేని గోళీలు. ఎవరికి ఏది అందుతోందో వాళ్ళకూ తెలియదు, ఇచ్చేవాళ్ళకూ తెలియదు. 60 రోజులయ్యాక ఒత్తిడి స్కోరు మందు గుంపులో 44 శాతం తగ్గింది, ఉత్తి గోళీల గుంపులో 5.5 శాతం. రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మందు గుంపులో సుమారు 28 శాతం, రెండో గుంపులో 8 శాతం తగ్గింది. ఈరోజు చాలా సీసాల ప్రకటనల వెనక ఉన్నది ఈ అంకెలే.

అంకెలు బాగున్నాయి. కానీ మనుషులు 64 మందే. పైగా వాళ్ళది ఒత్తిడి. డాక్టరు "ఇది యాంగ్జైటీ డిజార్డర్" అని రాసిచ్చిన జబ్బు వేరు. అలా జబ్బుగా తేలిన వాళ్ళ మీద మన దేశంలోనే 2000లో ఒక పరీక్ష జరిగింది. అందులో ఉన్నది 39 మంది, వ్యవధి ఆరు వారాలు. అశ్వగంధ వైపు కాస్త మొగ్గు కనిపించింది, అంత చిన్న గుంపుతో గట్టిగా ఏదీ చెప్పలేం.

2019లో ఇంకొకటి. 60 మంది, రోజుకు 240 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, 60 రోజులు. ఆందోళన స్కోరు మందు వేసుకున్న వాళ్ళలో సుమారు 41 శాతం తగ్గింది. ఉత్తి గోళీలు వేసుకున్న వాళ్ళలోనూ సుమారు 24 శాతం తగ్గింది! ఈ రెండో అంకెను మర్చిపోకండి. మనల్ని ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం, మందు వేసుకుంటున్నామన్న నమ్మకం, కాలం గడవడం, ఇవన్నీ కలిసి చేసిన పని అది. మీకు మేలు కనిపిస్తే అందులో ఎంత మూలికది, ఎంత దీనిది అని మీ ఒక్కరి అనుభవంతో విడదీయలేరు. పక్కింటావిడ అనుభవంతో అసలే విడదీయలేరు.

2022లో 12 పరీక్షలు, మొత్తం 1002 మంది లెక్కలు కలిపి చూశారు. ఆందోళన, ఒత్తిడి రెండూ తగ్గినట్టే తేలింది. కానీ ఆధారం నాణ్యత తక్కువని ఆ సమీక్ష చేసినవాళ్ళే రాశారు. కారణాలు ఊహించగలిగేవే: చిన్న గుంపులు, తక్కువ రోజులు, ఒక్కోచోట ఒక్కో రకం ఎక్స్‌ట్రాక్ట్. చాలా పరీక్షలకు మందు తయారుచేసే కంపెనీల సాయం కూడా ఉంది. అదే ఏడాది మానసిక వైద్యుల అంతర్జాతీయ బృందం మూలికల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఆందోళన జబ్బుకు అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్‌ను "తాత్కాలికంగా" సిఫారసు చేయవచ్చన్నారు. మోతాదు రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాములు, విథనోలైడ్స్ (అశ్వగంధలో పనిచేసే ముఖ్య పదార్థాలు) 5 శాతం ఉన్నది.

దీన్ని బట్టి నేను అనుకునేది: తేలిక, మధ్యస్థ ఆందోళన ఉండి, వేరే జబ్బు లేని పెద్దవాళ్ళు రెండు నెలలు ప్రయత్నించడానికి తగిన కారణం ఉంది. ఏళ్ళ తరబడి వాడటానికి మాత్రం లేదు. మూడు నెలలు దాటి వాడితే ఏమవుతుందో చెప్పే మంచి పరీక్షలే లేవు.

(సరస్వతి ఆకు, బ్రాహ్మి, జటామాంసి గురించి కూడా అడుగుతుంటారు. ఆందోళన విషయంలో వాటికి ఇంతపాటి ఆధారం కూడా లేదు. సంతలో థాళకుడి అని అమ్మే సరస్వతి ఆకును పచ్చడి చేసుకుని తినండి, బాగుంటుంది. దాన్ని మందుగా లెక్కపెట్టకండి.)

ఎవరు ముట్టుకోకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు. పిల్లలకు ఇవ్వవద్దు, పరీక్షల టెన్షన్ అని పదో తరగతి పిల్లాడికి పాలలో కలిపి ఇచ్చేవాళ్ళున్నారు, అది మానండి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్ళు, థైరాయిడ్ తక్కువై థైరాక్సిన్ బిళ్ళ వేసుకునే వాళ్ళు, కీళ్ళవాతం, లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడేవి) ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. షుగర్, బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. రెండు మందులూ కలిసి చక్కెరను, రక్తపోటును మరీ కిందికి దించవచ్చు.

ఆల్‌ప్రాజోలమ్, క్లోనాజెపామ్ లాంటి నిద్ర బిళ్ళలు వేసుకునే వాళ్ళకు మత్తు ఇంకా పెరగవచ్చు. "ఇంగ్లీషు మందు మానేసి దీనికి మారదాం" అని ఆ బిళ్ళలు ఒక్కసారిగా ఆపితే ఇంకా ప్రమాదం, ఫిట్స్ కూడా రావచ్చు. తగ్గించాలంటే రాసిచ్చిన డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఇక లివర్. అశ్వగంధ వల్ల లివర్ దెబ్బతినడం అరుదే, కానీ జరుగుతుంది. ఐస్‌లాండ్, అమెరికాల నుంచి 2020లో ఐదు కేసులు ప్రచురించారు. మందు మొదలైన 2 నుంచి 12 వారాల్లో కామెర్లు, దురద వచ్చాయి, ఆపాక కోలుకున్నారు. మన దేశం నుంచి 2023లో వచ్చిన కేసుల్లో అప్పటికే లివర్ జబ్బు ఉన్నవాళ్ళు ముగ్గురు చనిపోయారు. కాబట్టి హెపటైటిస్ బి లేదా సి ఉన్నవాళ్ళు, ఫ్యాటీ లివర్ ముదిరినవాళ్ళు, రోజూ మహులి, ఇప్పసారా, జీలుగు కల్లు ఏదైనా సరే తాగేవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదు. "టెన్షన్‌కే కదా తాగుతున్నాను, ఇది వేసుకుంటే తాగుడు తగ్గుతుంది" అనేవాళ్ళకూ నా జవాబు ఇదే. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. వాళ్ళ భయం ముఖ్యంగా థైరాయిడ్, సెక్స్ హార్మోన్లు, గర్భస్రావం గురించి. అది మరీ అతి అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ మూలిక కాబట్టి హాని ఉండదు అనే మాట మాత్రం నిలబడదు.

కొనేటప్పుడు

వారపు సంతలో వేళ్ళు పరిచి "అడవి నుంచి తెచ్చిన అశ్వగంధ" అని చెబితే కొనకండి. ఇది పొడి నేలల పంట. మార్కెట్‌కు ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాల నుంచి, రాజస్థాన్ నుంచి వస్తుంది. మన కోరాపుట్, రాయగడ కొండల తడి అడవుల్లో తవ్వి తెచ్చింది అశ్వగంధే అని తేల్చే దారి మీకూ లేదు, అమ్మేవాడికీ లేదు.

సీసా మీద చదవాల్సినవి: మొక్క పేరు విథానియా సోమ్నిఫెరా. వాడిన భాగం "రూట్", అంటే వేరు. ఎక్స్‌ట్రాక్ట్ ఎన్ని మిల్లీగ్రాములు. విథనోలైడ్స్ ఎంత శాతం. ఆయుష్ తయారీ లైసెన్సు నంబరు లేదా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు. బ్యాచ్ నంబరు, తేదీలు. "లీఫ్" అని ఉన్నా, భాగం ఏదో రాయకపోయినా పక్కన పెట్టేయండి. ఆకులో విథాఫెరిన్-ఏ అనే ఘాటైన పదార్థం ఎక్కువ. ఆకులు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో కంపెనీలకు సూచన పంపింది. చవకగా విథనోలైడ్ శాతం పెంచి చూపించడానికి ఆకు కలిపేవాళ్ళు ఉన్నారు. అందుకే శాతం మరీ ఎక్కువ రాసి ఉన్న సీసా మంచిదని అనుకోకండి.

పది మూలికలు కలిపిన "స్ట్రెస్ రిలీఫ్" గోళీలు వద్దు. తేడా చేస్తే ఏది చేసిందో తెలియదు. అశ్వగంధారిష్టం అనే ద్రవ మందులో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, లేబుల్ మీదే రాస్తారు.

చూర్ణం సంగతి వేరు. ఆయుర్వేద ఫార్మకోపియా చెప్పే మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాముల వేరు పొడి. సంప్రదాయం ప్రకారం గోరువెచ్చని పాలతో తీసుకుంటారు. వేల మంది అలా వాడుతున్నారు. కానీ పైన చెప్పిన పరీక్షల్లో ఎక్కువ భాగం ఎక్స్‌ట్రాక్ట్‌తో జరిగాయి, ఆ అంకెలను చూర్ణానికి అంటగట్టలేం. చూర్ణమే కావాలంటే ఇంట్లో కొలిచి వాడకుండా ఆయుర్వేద వైద్యుడి చేత రాయించుకోండి. బరంపురం దగ్గర అంకుశపూర్‌లో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది.

వాడేటప్పుడు

మొదటి వారం రాత్రి భోజనం తర్వాత 300 మిల్లీగ్రాములు ఒక్కటే. పొద్దున మత్తుగా ఉంటోందా, కడుపు ఎలా ఉంది చూసుకోండి. విరేచనాలు, కడుపులో వికారం, నిద్రమత్తు ఎక్కువమందికి వచ్చే ఇబ్బందులు. ఘాట్ రోడ్డు మీద బండి నడిపేవాళ్ళు, రాత్రి డ్యూటీ డ్రైవర్లు సెలవు రోజుల్లో మొదలుపెడితే మేలు. ఒంటికి పడితే రెండో వారం నుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండూ భోజనం తర్వాత. 600 దాటవద్దు.

పరీక్షల్లో తేడా వారాలు గడిచే కొద్దీ కనిపించింది. నాలుగో రోజున దడ తగ్గలేదని తిట్టుకోవడం దండగ. ఈలోగా టీ తగ్గించడం, రోజూ అరగంట నడక, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టడం చేయండి. అవి చేస్తే మందు గుణం తెలియదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, తెలియదు. కానీ మీకు కావాల్సింది నెమ్మది, రీసెర్చ్ పేపరు కాదు.

మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, కళ్ళు పచ్చబడినా, ఒళ్ళంతా దురద పెట్టినా, ఆకలి పూర్తిగా చచ్చినా ఆ పూటే మందు ఆపండి. మన వైపు కామెర్లనగానే పసరు పోయించడానికి తీసుకెళ్తారు. దయచేసి ఆ పని చేయకండి. దెబ్బతిన్న లివర్ మీద ఇంకో తెలియని మందు పోసినట్టవుతుంది. నేరుగా ఆసుపత్రికి వెళ్ళి లివర్ పరీక్ష చేయించుకోండి, అశ్వగంధ వాడుతున్నానని మొదటే చెప్పండి. "ఏ మందులూ వేసుకోవడం లేదు" అని చెప్పడం మనకు అలవాటు, మూలికను మందుల్లో లెక్కేయం కాబట్టి. డాక్టర్‌కు ఒడియాలో వివరించలేకపోతే సీసా చూపించండి, చాలు. గుండె దడ తగ్గకపోగా పెరిగితే టీఎస్‌హెచ్ మళ్ళీ చేయించండి. ఏ ఇబ్బందీ లేకపోయినా నెల రోజులకు లివర్ పరీక్ష ఒకసారి చేయించుకోవడం మంచిది, పాత రిపోర్టుతో పోల్చడానికి.

అరవయ్యో రోజు

మొదలుపెట్టే రోజే క్యాలెండర్‌లో ఆపే తేదీకి సున్నా చుట్టండి. ఆ రోజు ఏడు ప్రశ్నలూ మళ్ళీ వేసుకోండి. స్కోరు 4 లేదా అంతకు మించి తగ్గితేనే తగ్గినట్టు లెక్క. 12 నుంచి 10కి రావడం మామూలు ఊగిసలాట.

తగ్గకపోతే ఇంకో సీసా కొనకండి, కంపెనీ మార్చకండి. రెండు నెలలు వృథా అయ్యాయని బాధపడాల్సిన పనీ లేదు, మీ రెండు వారాల స్కోర్లన్నీ ఉన్న కాగితం సైకియాట్రిస్ట్‌కు బాగా పనికొస్తుంది. బరంపురం, కోరాపుట్ దూరమైతే పర్లాకిమిడి, గుణుపురం వాళ్ళు శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్తుంటారు. విశాఖ పెదవాల్తేరు, చినవాల్తేరు వైపు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

తగ్గితే కూడా ఆపండి. ఆపి నాలుగు వారాలు చూడండి, స్కోరు రాస్తూనే ఉండండి. అలాగే నిలబడితే మీకు మందు అవసరం తీరింది. మళ్ళీ ఎగబాకితే రెండో విడత మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని కలవండి. ఆగి ఆగి తిరిగొచ్చే ఆందోళనకు చికిత్స వేరుగా ఉంటుంది. ఖాళీ సీసాను మాత్రం ఇంకో మూడు నెలలు పారేయకండి. ఆలస్యంగా ఏదైనా తేడా బయటపడితే, ఆసుపత్రిలో అడిగేది ఆ బ్యాచ్ నంబరే.